పాల సొర కడుపులో గోరు

సొరచేప కడుపులో ఆడమనిషి గోరు దొరికింది. దాని మీద గోరింటాకు ఇంకా పోలేదు.

ఆ డిసెంబరు మొదటి వారంలో దబీర్‌పురాలో ఈ సంగతి తెలియనివారు లేరు. నమ్మనివారు అంతకన్నా లేరు. దబీర్‌పురాలో గోరుగా బయలుదేరిన మాట ఫలక్‌నుమా చేరేసరికి ఉంగరం తొడిగిన వేలు అయింది. కిషన్‌బాగ్‌లో మా పిన్నిగారింటికి వెళ్లేసరికి గాజులతో సహా మోచేతి దాకా చెయ్యి అయింది. "ఊరు ఇంకో రెండు మైళ్లు ఉంటే మనిషి మొత్తం లేచి నడిచొచ్చేది" అని మా ఆవిడ గోదా అంది. నవ్వించడానికే అంది కాని, తను కూడా నవ్వలేదు. నవంబరు తుపానులో తీరం వెంట ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయిన ఏడు అది. పేపర్లలో ఆ బొమ్మలు చూసిన కళ్లతో సముద్రపు చేపను చూడటం ఎవరివల్లా కాలేదు.

పుకారు పుట్టినచోటికి వెళ్లి వెతికితే సాధారణంగా ఏమీ దొరకదు. ఉద్యోగంలోనూ తరువాతా ఇటువంటి మాటలను వెంబడించడం నాకు అలవాటు. చాలాసార్లు ఉత్త చేతులతోనే తిరిగి వచ్చాను. ఈసారి మాత్రం గోరు నిజంగానే ఉంది. నేను చూశాను.

అప్పటికి నేను ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరి ఎనిమిదేళ్లయింది. బీయెస్సీ పిల్లలకు సొరచేపను కోసి చూపించడం నా పని. ఆ చేపలను ప్రతి శుక్రవారం దబీర్‌పురా స్టేషన్ ముందు చేపలు కోసి అమ్మే లీలమ్మ బండ దగ్గర కొనేవాణ్ణి. ఆమె భర్త ఇశ్రాయేలు అక్కడి రైల్వే గేటు కాపలాదారు. ఊకలో, మంచులో పెట్టిన చేపల పెట్టెలు సికింద్రాబాద్‌లో దిగి, పాసింజరు బండిలో గేటు దగ్గరికి వచ్చేవి. వాటిలో గజం కూడా పొడుగుండని పాల సొరలకు గిరాకీ ఎక్కువ. బాలింతకు పాల సొర పిట్టు పెడితే పాలు పడతాయని నమ్మకం. ఏ మతం వాళ్లయినా, కాన్పయిన ఇంటినుంచి మొదట పరుగెత్తుకొచ్చేది లీలమ్మ బండ దగ్గరికే. ఆ నమ్మకానికి ఆధారం నేనెక్కడా చూడలేదు. చూడలేదన్న మాట ఆమె బండ దగ్గర ఎన్నడూ అనలేదు కూడా.

ఆ సోమవారం ఒక బాలింత కోసం సొరను కోస్తుంటే కడుపులోంచి గోరు వచ్చి బండ మీద పడింది. పక్కనే ఆకుకూరలమ్మే ఆగమ్మ చూసింది. లీలమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, కత్తి కడగకుండానే లేచి వెళ్లిపోయిందట. మళ్లీ కత్తి పట్టలేదు.

ఆదివారం పొద్దున ఆమె మా ఇంటికి వచ్చింది. అంతకు ముందెన్నడూ రాలేదు. మాది గుడి సేవ చేసుకునే వంశం. మా నాన్నగారు ముప్పై ఏళ్లు హారతి పట్టారు. శుక్రవారాలు నేనే వెనక వాకిట్లో పంపు కింద స్నానం చేసి గాని లోపలికి వచ్చేవాణ్ణి కాదు. లీలమ్మ గడప అవతలే నిలబడింది.

"లోపలికి రా" అంది గోదా.

"ఈడనే మంచిగున్నదమ్మా. చేపల చేతులు."

"వారం నుంచి చేప ముట్టలేదట గద. ఇగ చేపల చేతులేంది? వచ్చి కూసో."

లీలమ్మ కూర్చుంది. చేతిలోని బైబిలు తెరిచి, పేజీల మధ్యనుంచి మడత పెట్టిన చేతిగుడ్డ తీసింది.

"సారూ, నువ్వు కడుపులు కోసేటోనివి. గిది చూసి చెప్పు."

చిటికెన వేలి గోరంత ఉంది. కొద్దిగా వంకర తిరిగి ఉంది. కొస ముదురు ఎరుపు. నలుపేమో అనిపించేంత ఎరుపు. మొదలు మాత్రం ఉల్లిపొరలా తెల్లగా, పారదర్శకంగా ఉంది. నేను భూతద్దం తెచ్చేలోగానే గోదా వంగి చూసి, తగ్గు గొంతుతో అంది:

"పెట్టుకుని నెల దాటితే గోరింటాకు ఇట్లనే ఉంటది. మొదట్ల కొత్త గోరు తెల్లగ పెరుగుతది. కొసకు ఎరుపు మిగుల్తది."

"నెల పదిహేను రోజులమ్మా. దసరాకొచ్చినప్పుడు నేనే పెట్టిన. ఆగమ్మ ఆకు తెచ్చింది, నేను నూరిన. రెండు చేతులకూ పెట్టిన" అంది లీలమ్మ.

అప్పుడు గాని నాకు సంగతి తెలియలేదు. లీలమ్మ చెల్లెలు మాణిక్యమ్మను సముద్రపు ఒడ్డు ఊరికి ఇచ్చారు. తుపాను తరువాత ఆ ఊరు లేదు. ఇశ్రాయేలు సెలవు పెట్టి బందరు దాకా పోయి, అక్కడినుంచి ముందుకు దారిలేక తిరిగొచ్చాడు. మనిషి దొరకలేదు, బట్ట దొరకలేదు, వార్త చెప్పేవాడు దొరకలేదు. దొరికింది ఇదొక్కటే అని లీలమ్మ నమ్మకం.

"మట్టిల పెట్టి పేరు చదివిపిస్తం అంటే పాస్టరుగారు ఒప్పుకుంటలేడు. మనిషిదో కాదో తెల్వనిదాన్ని ఎట్ల పెడ్తం, చదువుకున్నోళ్లతోని కాగితం తెమ్మన్నడు. క్రిస్మస్ పండుగ ముందటి శనివారం పెట్టుకున్నం, ఇంక రెండు వారాలున్నది. నువ్వు రాసియ్యి సారూ. ఆడమనిషిదే అని రాస్తే చాలు. మాణిక్యందే అని నేను చెప్పుకుంట."

రెండు వాక్యాలు. రాసివ్వొచ్చు. రాసివ్వండి అని గోదా కళ్లు అంటూనే ఉన్నాయి. భూతద్దంలో దాన్ని తిప్పి తిప్పి చూశాను. గోరు కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. గోరు అనడానికీ లేదు.

"ఆ శనివారం దాకా టైమియ్యి లీలమ్మా."

"ఎందుకు? నీకు తెల్వదా?"

ఎనిమిదేళ్లుగా వారం వారం సొరను కోస్తున్నవాణ్ణి. తలలోని నరాలు ఒక్కటి తెగకుండా తీసి చూపించేవాణ్ణి. కడుపును మాత్రం సిలబస్‌లో లేదని, తెరవకుండానే బకెట్లో పడేసేవాణ్ణి. సొర ఏం తింటుందో ఒక్కనాడూ చూడలేదు.

"తెల్వదు" అన్నాను.

ఆమె గుడ్డ మడిచి మళ్లీ బైబిల్లో పెట్టుకుంది. "నువ్వు చూసుకో. గిది మాత్రం ఈడ పెట్టిపోను" అంది.

మర్నాటినుంచి నేను రోజూ కాలేజీకి వెళ్లేముందు గంటన్నర లీలమ్మ బండ దగ్గర కూర్చున్నాను. అమ్ముడుపోకపోయినా పెట్టెలు వస్తూనే ఉన్నాయి. ఇశ్రాయేలు దింపుకుంటూనే ఉన్నాడు. లీలమ్మ గేటుగది గడపలో కూర్చుని ఇటు చూసేది, దగ్గరికి వచ్చేది కాదు. చలికాలపు ఎండ, కరిగే మంచు, తడి ఊక వాసన, గేటు దగ్గర ఆగిన జట్కాల గుర్రాలు. ఇప్పటికీ మంచుపెట్టె మూత తీస్తే నాకు ఆ పొద్దులే గుర్తొస్తాయి.

ఊరికి ఇది మంచి తమాషా.

"ఏం పంతులూ, హారతి పట్టాల్సిన చేతులు పేగులు పట్టుకున్నయి" అంది ఆగమ్మ, మెంతికూర కట్టల మీద నీళ్లు చల్లుతూ.

"హారతి మా నాయన పట్టిండు ఆగమ్మా. ఇంటికి ఒక్కరు చాలు."

రోడ్డవతల సైకిళ్లు బాగుచేసే సాయిలు పంపు చేతపట్టుకునే వచ్చాడు. "ఏం సార్, గాజులు ఎల్లినయా?"

"రొయ్య ఎల్లింది సాయిలూ."

"దీంట్ల?"

"ఖాళీ."

"ఖాళీ అంటే అరిగిపోయిందేమో. మనిషి మెత్తటోడు. రొయ్యకన్న జల్ది అరుగుతడు."

అది న్యాయమైన ప్రశ్న. నోటుబుక్కులో రాసుకున్నాను. వలలో చిక్కినప్పుడు సొర తిన్నది కక్కేస్తుందని కూడా చదివాను. ఖాళీ కడుపు ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పదు.

"ఈ చేపలు కాకినాడవి సాయిలూ. తుపాను తగిలిన జాగ వేరే. నడుమ మస్తు దూరం."

"సముద్రం ఒక్కటే గద సార్. నడుమ గోడ గిట్ల ఉన్నదా?"

ఎనిమిదేళ్లలో నా విద్యార్థులెవరూ ఇంత మంచి ప్రశ్నలు వేయలేదు. సాయిలు సముద్రం చూడలేదు. నేనూ అప్పటికి చూడలేదు. లీలమ్మ చూడలేదు, బందరు దాకా వెళ్లిన ఇశ్రాయేలూ చూడలేదు. మా అందరిలో సముద్రం చూసింది మాణిక్యమ్మ ఒక్కతే.

చూడనివాడికి చేప కడుపే కిటికీ. మెల్లగా దానిలోంచి నాకు సముద్రపు అడుగు కనిపించసాగింది. వేలెడు పొడుగున్న వెండిరంగు చేపలు, కొన్ని తలతో సహా మొత్తంగా. రొయ్యల మీసాలు. పీత కాళ్లు. చేపల కంటి గుడ్లలోని గట్టి పూసలు ఒకచోట కుప్పగా ఉంటే, ఆగమ్మ తొంగిచూసి "సగ్గుబియ్యం గూడ తింటదా?" అని అడిగింది. పాల సొర పళ్లు చిన్నవి, పక్కకు వాలి ఉంటాయి. జారిపోయేదాన్ని పట్టుకోవడానికేగాని పెద్దదాన్ని కోసుకోవడానికి కావు. పట్టినదాన్ని చాలావరకు అట్లాగే మింగుతుంది. దాని గొంతులోకి నా వేళ్లు రెండు దూరాయి, మూడోది దూరలేదు.

అంతా చక్కగా ఒకవైపే నడుస్తోందనుకున్నాను. బుధవారం, ఒక సొర కడుపులోంచి ఇంకో గోరు వచ్చింది.

అదే ఎరుపు కొస, అదే తెల్లని మొదలు. గడపలో లీలమ్మ లేచి నిలబడింది. గురువారం మూడు వచ్చాయి. శనివారానికి ఏడు. నేను పుకారును చంపడానికి కూర్చున్నవాణ్ణి, రోజూ దానికి మేత వేస్తున్నాను.

"పది నిండేదాకా ఒక్క మనిషి" అన్నాడు సాయిలు. ఈసారి వేళాకోళం లేదు. "పదకొండోది ఎల్లిందంటే ఇద్దరు."

ఆ సాయంత్రం గోళ్లను సీసాలో పోసి ఇంటికి తెచ్చాను. గోదా వాటిని పళ్లెంలో పోయించి, చీపురుపుల్లతో వరుసగా పేర్చింది. పెద్దది బొటనవేలి గోరంత ఉంది. చిన్నది బియ్యపుగింజ మించదు.

చాలాసేపు చూసింది. "ఏమండీ, మొగవాళ్లవేవీ?"

"అంటే?"

"అంతమంది పోయిండ్రు గద. మొగవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. సొర అందర్నీ వదిలిపెట్టి, గోరింటాకు పెట్టుకున్నవాళ్ల గోర్లే ఏరుకుని తిన్నదా?"

నా ఎనిమిదేళ్ల ఉద్యోగానికి తోచని ప్రశ్న. ఇవి గోళ్లు కావు అన్నది ఆ క్షణంలో నాకు తేలిపోయింది. కాని ఏమిటో తెలియకుండా 'కాదు' అని ఒక్క మాట పట్టుకెళ్లి లీలమ్మ ముందు నిలబడలేను. ఉన్న ఒక్క గోరును ఆమె చేతిలోంచి తీసుకోవాలంటే, బదులు చేతిలో పెట్టడానికి నిజం ఒకటి ఉండాలి.

తరువాతి వారమంతా కోశాను. గోళ్లు పన్నెండు అయ్యాయి. శుక్రవారం వచ్చింది, మర్నాడే పేరు చదివే రోజు. ప్రాక్టికల్స్ అయి పిల్లలు వెళ్లాక, బకెట్లోని కడుపులను ల్యాబులో ఒక్కణ్ణే తెరుస్తున్నాను. నాలుగోదానిలో ఇంకా అరగని ముక్క ఒకటి దొరికింది. మెత్తటి తల. దాని చుట్టూ రిబ్బన్లలా వేలాడే చేతులు. చేతుల నడుమ ముడుచుకున్న మొగ్గలాంటి కండ. ఆ మొగ్గను వేలితో నొక్కాను. లోపలినుంచి ఎరుపు కొస ఒకటి తొంగిచూసింది.

తలెత్తాను. ఎదురుగా అలమారులో, ఫార్మలిన్ సీసాలో, పది చేతులతో ఆ జీవే వేలాడుతోంది. ఏడాదికోసారి ఆ సీసా దుమ్ము తుడిచేవాణ్ణి నేనే. బోర్డు మీద దాని బొమ్మ వేసినప్పుడల్లా నోరున్నచోట ఒక చుక్క పెట్టి ఊరుకునేవాణ్ణి.

తలను ఆకులో చుట్టుకుని దబీర్‌పురా నడిచాను. ఎండ ఇంకా ఉంది. లీలమ్మ గడపలో చేటతో బియ్యం చెరుగుతోంది. ఇశ్రాయేలు పచ్చజెండా మడుస్తున్నాడు.

"ఒక పళ్లెం తే లీలమ్మా. నీ గోరు కూడ తే."

రెండూ తెచ్చింది. ఆకు విప్పాను.

"నేను తియ్య. నువ్వే తియ్యి. నడుమ ఒత్తు."

పద్దెనిమిది రోజులుగా చేప ముట్టని చెయ్యి కాసేపు గాలిలో ఆగింది. తరువాత పని తెలిసిన బొటనవేలు దిగింది. మొగ్గలోంచి అది జారి వచ్చింది. ఒకటి కాదు, రెండు. ఒకదానిలో ఒకటి కూర్చుని, చిలుక ముక్కులా. లీలమ్మ వాటిని విడదీసింది. బైబిల్లోని దాన్ని పక్కన పెట్టింది. అదే వంకర, అదే ఎరుపు, అదే ఉల్లిపొర. మూడింటినీ వేలితో అటూ ఇటూ మార్చింది. ఏది తనదో తనకే తెలియలేదు.

"ఏంది సారూ గిది?"

"సముద్రంల ఒక మెత్తటి జీవి ఉంటది, పది చేతులది. యునానీ దుకాణాలల్ల పంజరం చిలుకలకు సముందర్ ఝాగ్ అని తెల్ల పలక అమ్ముతరు చూడు, అది దీని వీపులదే. గిది దీని నోరు. సొర దీన్ని తింటది. మెత్తది అరుగుతది, నోరు అరగదు."

"నోరు."

"నోరే."

బండి వచ్చే వేళయింది. ఇశ్రాయేలు వెళ్లి గేటు వేశాడు. ఫలక్‌నుమా పాసింజరు పోయేదాకా మాటలు వినబడలేదు. పోయాక లీలమ్మ అడిగింది:

"అయితే మాణిక్యాన్ని చేపలు తినలే అంటవా?"

అవునని చెప్పి ఉంటే ఆమెకు బాగుండేది. నాకూ బాగుండేది.

"ఈ చేపలు తినలే. మిగిలింది నాకు తెల్వదు లీలమ్మా."

ఆమె పళ్లెంలోకే చూస్తూ ఉంది.

"నా కత్తి అయితే మాణిక్యం మీద పడలే గద."

"పడలే."

"దినాం గదే కనబడుతున్నది సారూ, కండ్లు మూస్తే. నేనే కోసినట్టు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "గంతే చాలు."

ఇశ్రాయేలు మెల్లగా అన్నాడు, "రేపు పాస్టరుగారికి ఏం చెప్పాలె మరి? మట్టిల పెట్టనీకి ఏం లేకపాయె."

"ఏం లేకుంటే పేరు చదవొద్దని ఏడున్నది? పేరు ఉన్నది గద" అంది లీలమ్మ. తరువాత నావైపు తిరిగింది. "కాగితం మాత్రం రాసియ్యి సారూ."

"ఏమని రాయాలె?"

"ఏదుంటే అది."

మర్నాడు పేరు చదివారు. గోదా, నేను వెనక వరసలో నిలబడ్డాం. సోమవారం లీలమ్మ బండ కడిగి కత్తి నూరుకుంది. మొదటి బేరం సాయిలుదే. వాళ్ల కోడలికి కాన్పయింది. "ముందుగాల కడుపు కోసి చూపియ్యి" అన్నాడు. ఆమె కోసి, కడుపు తెరిచి, వేలితో చూపించింది: "రొయ్యలు రెండు, చిన్న చేప ఒకటి. నీకన్న మంచి తిండే తిన్నది, తీస్కపో."

అప్పటినుంచి అదే ఆ బండ పద్ధతి. ఎవరొచ్చినా మొదట కడుపు తెరవడం, ఏం తిన్నదో చెప్పడం, తరువాతే తూకం. నెల తిరిగేసరికి దబీర్‌పురా ఆడవాళ్లకు తెలిసినంతగా పాల సొర తిండి సంగతి మా కాలేజీలో ఎవరికీ తెలియదు. కిషన్‌బాగ్‌లో మాత్రం గాజుల చెయ్యి ఇంకో నాలుగేళ్లు బతికింది.

ఆషాఢంలో గోదా గోరింటాకు పెట్టుకుంది. నెల దాటాక ఒకనాడు అన్నం వడ్డిస్తూ, ఎడమచేతి వేళ్లు నా ముందు చాపింది. "బాగ చూసుకోండి. గోరంటే ఇది" అంది. ఆ చెయ్యి, ఆ ఎరుపు ఇప్పుడు లేవు. స్టేషన్ ముందు ఆ బండ కూడా లేదు; పట్టాలు వెడల్పు చేసినప్పుడు తీసేశారు.

కాగితం నకలు మాత్రం నా దగ్గర ఉంది. అసలు ప్రతి లీలమ్మ బైబిల్లో, గోరు ఉన్న పేజీల మధ్యే ఉండేది. ఆ వయసులో నాకు తెలిసిన అతి జాగ్రత్తైన తెలుగులో రాశాను:

'పరీక్షించిన పాల సొరలు డెబ్బై నాలుగు. వాటిలో ముప్పై ఒకటి ఖాళీ కడుపులు. తక్కినవాటిలో చిన్న చేపలు, రొయ్యలు, పీతలు, పది చేతుల మెత్తటి జీవి అవశేషాలు కనిపించినవి. మనిషికి సంబంధించినది ఏదీ కనిపించలేదు. శ్రీమతి లీలమ్మగారికి దొరికినది గోరు కాదు. అది ఆ మెత్తటి జీవి నోరు.'